పాటల డబ్బీ

అగ్గిపెట్టె కన్నా రవంత పెద్దది.
అల్ రాయి శుక్రవారం సంతలో
నాలుగు దీనార్లంటే రెండున్నరకు దింపినా.
అమ్మినోడు బంగ్లా పిల్లోడు.
పాట మంచిది, చార్జింగు మంచిది, అంతా మంచిదన్నాడు.
అంతా మంచిదన్నప్పుడే అనుమానపడాల్సింది.

ఫోనేమో మేడమ్ బీరువాలో ఉంటుంది,
రాత్రి పదికి నా చేతికొచ్చి పొద్దున ఐదుకి పోతుంది.
దీనికి సిమ్ము లేదు, కెమెరా లేదు.
అటూ ఇటూ తిప్పి చూసి
ఖలాస్, పెట్టుకో, అంది.
కార్డులో పాటలు చెంగల్రాయుడు వేసిచ్చినాడు,
నీళ్ళ ట్యాంకరు తోలే మనిషి, మా రాజంపేట పక్కోడే.
నూటా పన్నెండు, లెక్కబెట్టి.

ఇంక చూడు నా తిప్పలు.

కార్డు తలకిందులుగా దూరింది.
గోరు విరిగింది.
వంటింటి పట్టకారుతో పీకి మళ్ళీ పెట్టినా
సూదిలోకి దారం ఎక్కించినట్టు ఊపిరి బిగబట్టి.
వెలిగింది.
చీనా అక్షరాలు,
కొట్టం కూలి వాసాలు గుట్ట పడినట్టు.
ఇంకేదో నొక్కితే అరబ్బీ.
నేను కిందికంటే బాణం పైకంటుంది,
నేను ముందుకంటే అది పెడమొగం పెడుతుంది.
జాబ్రియాలో ఈ ఇంట్లో
నా మాట విననిది ఇదొక్కటేనా ఏంది,
దానిమీదే ఎందుకింత కోపమో.

మూడో రాత్రికి పాటల పట్టీ దొరికింది.
నూటా పన్నెండు వరసలు.
అన్నీ గళ్ళే.
దానికి తెలుగు రాదు.
అమ్మ అన్నా గళ్ళే, ఆవు అన్నా గళ్ళే,
తలుపులు బిగించని కొత్త బిల్డింగు కిటికీల మాదిరి
ఖాళీగా, వరసగా.
ఏ కిటికీ వెనకాల ఏ గొంతుందో.

పేరు లేకుంటే పాయె, పలికితే చాలనుకొని నొక్కినా.
కుడి చెవిలో మద్దెల మొదలైంది,
ఎడమ చెవిలో ఫ్రిజ్జు మోత.
వైరు మెలిపెట్టి, ఊది, పైట కొంగుతో తుడిచి,
చివరికి దండం కూడా పెట్టినా.
పల్లవి తిరిగొచ్చే లోపల ఆగిపోయి
ఏదో అడిగింది, అరబ్బీలో.

నాకొచ్చిన అరబ్బీ చెవిది.
తే, తుడువు, ఎత్తుకో, త్వరగా.
కంటి అరబ్బీ నాకు రాదు.
కింద రెండు మాటలున్నాయి,
ఏది ఔనో ఏది కాదో.
వెలిగేదాన్ని నొక్కినా.
ఆరేండ్లుగా ఏమడిగినా ఐవా అనే మనిషిని,
వేలికి మాత్రం వేరే బుద్ధి యాడ నుంచి వస్తుంది?

మొత్తం తుడిచిపెట్టుకు పోయింది.
గళ్ళు కూడా మిగల్లేదు.
గళ్ళ కోసం బెంగపెట్టుకుంటానని ఎవురనుకున్నారు!

మరుసటి రోజు ఇస్త్రీ చేస్తా దాన్ని పక్కన పెట్టుకొని
దొరికిన మీటల్లా నొక్కినా, తిట్టినా.
ఎర్ర చుక్క ఒకటి వెలిగింది.
వెలగనీలే, చావనీలే అని
బాబుగారి తెల్ల దిష్‌దాషాలు పదకొండూ మడిచినా.

రాత్రి చూస్తే పట్టీలో ఒకటుంది.
సున్నా సున్నా ఒకటి.
అంకెలైతే నేనూ చదవగలను.

ఇస్త్రీపెట్టె బుస్సుమంది ముందు.
తర్వాత ఎవురో ఆడమనిషి,
"నీ పాడె గట్ట, నోట్లో ఏం పెట్టుకున్నావే,
రెండున్నర దీనార్లు మింగి ఉలకవు పలకవు,
శెనక్కాయలు ఒలిచే కూలిదైనా నీకన్నా నయమే..."
గుక్క తిప్పుకోకుండా నలభై నిమిషాలు.
నడుమ ఒకసారి బిడ్డ ఏడిచింది.
తిట్లాపి ఏదో కూనిరాగం తీసింది ఆ మనిషి,
మళ్ళీ అందుకుంది.

పగలంతా నేననేది రెండే మాటలు, హాదిర్, తైబ్.
ఈ గొంతు ఇంత పెద్దదని మర్చేపోయినా.
నవ్వొచ్చింది, దిండు నోటికడ్డం పెట్టుకున్నా.

వచ్చే శుక్రవారం చెంగల్రాయుడు మళ్ళీ పాటలేస్తానన్నాడు.
వేయనీ.
ఆ ఒకటిని మాత్రం చెరపొద్దని చెప్పాల,
ఎందుకని అడిగితే ఏం చెప్పాలో.

ఎడమ చెవి ఇంకా పలకలేదు.
పోనీలే,
దాన్ని మేడమ్ పిలుపుకి వదిలిపెట్టినా.